పటంలో మా ఇంటామె

మా మనవరాలు బెంగళూరులో బొమ్మలేసే చదువు చదువుతాండాది. ఈ పొద్దు వాళ్ళవ్వ బొమ్మ, అంటే మా ఇంటామెది, గీసి పటం కట్టించి తెచ్చింది. గోడకు తగిలించినాము.

నెల దినాలు కణేకల్లులో కూతురింట్లో ఉండి వచ్చిన పక్కింటి రామక్క మజ్జిగకని వచ్చింది. పటం చూసి గడపలోనే కూలబడి ఏడుపందుకుంది. "ఎప్పుడు పోయిందప్పా? నాకొక మాట చెప్పకపోతిరే!"

మా ఊర్లో గోడకు పెద్ద పటం కట్టేది పోయినోళ్ళకే. ఆమె తప్పు లేదు.

మా ఇంటామె లోపల్నుంచి వచ్చి, "యాడికి పోతానక్కా, నీకు మజ్జిగ పొయ్యాల గదా" అనింది. అందరం నవ్వినాము.

రామక్క పోయినాక ఆమె పటం దగ్గరికి పోయి చూసింది. ఎండిన శనక్కాయ చేను గట్టున, కొంగు నోట్లో కుక్కుకోని కూర్చోనుండాది బొమ్మలో.

"ఇది యాడ చూసినావే?"

"సెలవులకొచ్చినప్పుడు చేన్లో, అవ్వా. నువ్వు నన్ను చూసుకోలే. దీన్ని మా కాలేజీ వాళ్ళు ఎగ్జిబిషన్లో పెడతామన్నారు."

"వద్దు. ఈ మొగం ఎవురికీ కనపడకూడదనే గదా ఆడికి పోయి కూర్చుంటి."

చేను ఎండినప్పుడు నాకు ధైర్యం చెప్పింది ఆమే.

పటాన్ని గోడ తట్టుకు తిప్పి పెట్టినాము. బిడ్డ ఉన్నదున్నట్టు గీసింది, అదే కష్టం. రేపు ఎగ్జిబిషన్‌కు తీసుకుపొమ్మనాల్నా, వద్దనాల్నా? మీరైతే ఏం చేస్తారో చెప్పండప్పా.

వంటింట్లో ఆమె మళ్ళీ నవ్వుతా మాట్లాడతాండాది. ఆ నవ్వు వింటాంటే ఇప్పుడు భయమైతాండాది.