నడుం మీది నల్లమచ్చ

మా ఊరి వెనక మెట్టమీద జీడితోటలు ఉండేవి. ఆ నీడలో గడ్డి సరిగా మొలిచేది కాదు. కొన్నేళ్ల కిందట ఎవరో తోటలు కొని, యంత్రాలతో చెట్లు పీకించి లేఅవుట్ వేశారు. రాళ్లు పాతి, గేటు దగ్గర బోర్డు పెట్టారు. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ బోర్డు కూడబలుక్కుని చదివి, ఇక్కడ పార్కు వస్తుందట అని చెబితే అప్ప పగలబడి నవ్వింది. అప్ప అంటే నా పెద్ద తోడికోడలు.

పార్కూ రాలేదు, ఇల్లూ లేవలేదు. రెండు వానాకాలాలకే గడ్డీ తుప్పలూ నడుమెత్తు పెరిగాయి. ఎలుకలు, పందికొక్కులు చేరాయి. పశువులున్న ఆడవాళ్లమంతా కొడవళ్లు పట్టుకుని అక్కడికే వెళ్లేవాళ్లం.

నిరుడు వానలు తగ్గాక అప్పకి జ్వరం వచ్చింది. రక్తపరీక్షలో మలేరియా కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు. ఇంజక్షన్ వేస్తే ఒక పూట తగ్గి మళ్లీ కాగేది. ఆరో రోజుకి కళ్లు ఎర్రబడ్డాయి, మాట తడబడింది. నన్నే చూసి "ఎవులే నువ్వు?" అంది. ఇక దక్కదనుకున్నాను.

అప్పుడు వచ్చింది మా ఊరి నర్సు. సముద్రపు ఒడ్డున చేపలు అమ్ముకునే ఇంటి పిల్ల. నోరు పెద్దది, చెయ్యి మెత్తన. అప్ప చెవుల వెనక, చంకల్లో వెతికి, "సీర వదులు సెయ్యి పిన్నీ" అంది నాతో.

చీర బిగించి కట్టే చోట శనగబద్దంత నల్లటి పెచ్చు ఉంది.

"అది సుట్ట నిప్పు పడిందమ్మా. మొన్నే సూసి సున్నం రాసాను" అన్నాను.

"మీ అప్పది అడ్డపొగ కాదేటి?"

మావైపు ఆడవాళ్లు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అప్పా అంతే.

"అగ్గి నోట్లో ఉన్న మనిసికి నడుం మీద నిప్పెలగ పడతాది? పోనీ పడిందే అనుకో, సీర కాలకండా తోలెలగ కాలిందే పిన్నీ?"

రోజూ ఆ చీర ఉతికింది నేనే. ఎక్కడా చిల్లు లేదు.

నర్సు అప్పటికే డాక్టరుతో ఫోనులో మాట్లాడుతోంది. అది పురుగు కుట్టిన మచ్చ అని, దాని వల్లే ఈ జ్వరమని చెప్పి, ఆటో పిలిపించి తనూ ఎక్కింది. ఆసుపత్రిలో మందు మార్చారు. మూడో రోజు పొద్దున్న అప్ప కళ్లు తెరిచి, "ఆవుకి గడ్డెవులేసారే?" అంది. నేను ఏడ్చేశాను.

అంతటితో ఆగితే నర్సు గురించి రాయాలనిపించేది కాదేమో. మర్నాడు లేఅవుట్‌కి మా వెంట వచ్చింది. మేం గడ్డి కోసి ఒడిలో నింపుకోవడం, అలిసిపోతే అక్కడే కూలబడడం కాసేపు చూసింది.

"కంటికానని పురుగు. ఎలకల్ని కుట్టి బతుకుతాది. తోటున్నప్పుడు ఇన్ని ఎలకలు నేవు, మీరూ గడ్డికొచ్చీవోరు కాదు. ఇప్పుడు ఎలకలూ మీరూ ఒక్క తుప్పలోనే తిరుగుతన్నారు."

"అయితే మానీమంటావేటి?" అంది ఒకావిడ.

"మానీమంటే మీ ఆవుల్ని నాను మేపాలేటి! ఒడిలో ఎయ్యకండి, గోనె పట్టుకెల్లండి. కింద కూకోకండి. ఇంటికొచ్చి తానం సేసి సీర మార్చండి. జరమొస్తే మచ్చ ఉందేమో సూసి నాకు సెప్పండి."

చివరి మాట దగ్గరే చిక్కు వచ్చింది. మా వెనక వీధిలో ఇంకో ఇద్దరు జ్వరంతో పడుకున్నారు. మచ్చ ఉందా అని నర్సు అడిగితే, చూసుకోకుండానే లేదన్నారు.

అప్ప ఇంటికి వచ్చిన వారానికి, గోడ పట్టుకుని, తనే ఆ వీధిలోకి నడిచింది. నా ఎదుట కూడా చీర సర్దుకోని మనిషి. ఆడవాళ్లందరి ముందూ కొంగు తప్పించి, మానుతున్న మచ్చ చూపించింది.

"ఇది సూడండే. సిగ్గుపడుంటే నన్నీపాటికి మట్టిలో కలిపీవోరు."

జ్వరంతో ఉన్న చివరి ఇంటి కోడలు దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చి, "ఓలప్పా, నా ఈపొకపాలి సూడవే" అని తలుపు ఓరగా తెరిచింది.