నాన్న స్నానానికి షవర్

నాన్నని శనివారం ఇంటికి పంపిస్తామని ఆసుపత్రిలో చెప్పారు. తుంటి ఎముకకి ఆపరేషన్ అయింది. వంగకూడదు, కింద కూర్చోకూడదు, ఎత్తు కుర్చీ మీద కూర్చునే స్నానం చెయ్యాలి అన్నారు డాక్టరుగారు. అంటే బకెట్టూ మగ్గూ ఇక లేనట్టే. నేను చేయిస్తానంటే నాన్న మొహం అటు తిప్పుకున్నారు.

"నా పేణం ఉండగా నాకెవులూ నీళ్ళు పొయ్యక్కర్లేదు."

రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మాట అంటే అంతే. ఆయన ఒంటరిగా స్నానం చేస్తూ జారిపడితే? ఆ ఆలోచనతో నాకు అన్నం సహించడం మానేసింది.

షవర్ పెట్టించేద్దామని సాక్చీ బజారుకి వెళ్ళి పళ్ళెమంత వెడల్పుది తెచ్చాను. నేను స్టీల్ ప్లాంట్‌లో పంపుల ఇంజనీరుని. అక్కడ వాల్వు తిప్పితే నీళ్ళు గోడని కొట్టినట్టు వస్తాయి, ఆ బుద్ధే ఇంటికీ తెచ్చుకున్నాను. మాది మాంగో అనే పేటలో పై అంతస్తు ఫ్లాట్. ట్యాంకు సరిగ్గా మా నెత్తి మీదే ఉంటుంది. ప్లంబర్ బిగించి తిప్పితే నడిమి కన్నాల్లోంచి నాలుగు ధారలు నీరసంగా జారాయి, చుట్టూ ఉన్నవి పొడిగా ఉండిపోయాయి. "టంకీ ఇంత దగ్గరుంటే ప్రెషర్ ఎక్కడ్నించి వస్తుంది, ఇంజనీర్ సాబ్?" అని నవ్వాడతను హిందీలో. సిగ్గుతో చచ్చాను.

పంపు పెడదామంటే ట్యాంకు అందరిదీ. ఆ మాట ఎత్తితే కింది వాళ్ళు నన్ను పంపుతో సహా సువర్ణరేఖ నదిలో పడేస్తారు. చివరికి చిన్న తలకాయ ఉన్న హ్యాండ్ షవర్ కొన్నాను. కుర్చీలో కూర్చుని కిందికి పట్టుకుంటే, ట్యాంకుకీ దానికీ ఎత్తు పెరిగి ధార కాస్త బలంగా వచ్చింది.

శుక్రవారం నేనే ఆ కుర్చీలో కూర్చుని చూసుకున్నాను. గీజర్ నీళ్ళలో చన్నీళ్ళు కలిపితే గోరువెచ్చగా హాయిగా ఉంది. అంతలో వంటింట్లో మా ఆవిడ బియ్యం కడగడానికి కుళాయి తిప్పింది. చన్నీళ్ళు అటు పోయి, నా తొడ మీద సలసల కాగే నీళ్ళు పడ్డాయి. కేక పెట్టి ఎగిరి దూకాను. నాన్న దూకలేరు. పైగా షుగర్ వల్ల ఆయన పాదాలకి వేడి తెలియదు.

మధ్యాహ్నమంతా గీజర్ వేడి తగ్గిస్తూ, ఒట్టి వేడినీళ్ళే నా పాదం మీద పోసుకుంటూ కూర్చున్నాను. చన్నీళ్ళు మొత్తం ఆగిపోయినా కాలదని నిర్ధారణ అయ్యాకే లేచాను.

ఆదివారం పొద్దున్న నాన్న కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నారు. వంటింటి కుళాయి ముట్టుకోవద్దని మా ఆవిడకి చెప్పి నేను బయట నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు వింటూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

"నాన్నా!" అన్నాను. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాను. లేదు. విరగ్గొట్టే ఊపుతో భుజంతో తలుపు తోశాను. అది ఊరికే తెరుచుకుంది, నేను వెళ్ళి గోడకి గుద్దుకున్నాను.

నాన్న కుర్చీలో నిక్షేపంగా ఉన్నారు. తలంతా సబ్బు నురగ, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. షవర్ కట్టేసి ఒళ్ళో పెట్టుకున్నారు. నీళ్ళు వేళకి మాత్రమే వచ్చే రైల్వే క్వార్టర్లలో బతికిన మనిషి సబ్బు రాసుకునేటప్పుడు నీళ్ళు పోనిస్తారా? ఈ మాత్రం నాకు తట్టలేదు.

"పిలిత్తే పలకవేటి నాన్నా?" నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

"నోట్లోకి సబ్బు పోతాది కదరా." తడి చేత్తో గాల్లో వెతికి నా మోచెయ్యి పట్టుకున్నారు. "నువ్వు బయటే నిలబడుంటావని తెల్సు. అందుకే గెడ ఎయ్యలేదు."

ఆయన నుదుటి మీంచి జారుతున్న నురగ తుడిచాను.

"వచ్చినోడివి ఎలాగా వచ్చావు, వీపు అందట్లేదు, రుద్దు."