వెడల్పు తెరమీద చదరపు గళ్లు

2017 వానాకాలంలో నన్ను నారాయణపేట పనిమీద పంపారు. అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లోని ఒక మహిళా సంఘం వీడియో విభాగంలో సీనియర్ కెమెరా నిర్వాహకురాలిని. నా పైన ఒక ఇన్‌ఛార్జి ఉండేవారు. నేను తీసిన దృశ్యాలను కోసి వరుసలో పెట్టే ఎడిటర్ రెహానా. నాకప్పటికి చదువు రాదు. కెమెరా మీది గుర్తులు, బొత్తాల వరుస గుర్తుపెట్టుకుని పన్నెండేళ్లు పని చేశాను.

హైదరాబాద్‌లోని ఒక చీరల దుకాణం వారు నలుగురు నేతగత్తెలను ఎంచుకుని, మధ్యలో నూలిచ్చి కూలికి నేయించే సావుకారి లేకుండా నేరుగా నేయించుకుంటామన్నారు. మగ్గం మీది పనిని మేము వీడియో తీసి తెస్తే, మహబూబ్‌నగర్ సమావేశంలో చూసి నిర్ణయిస్తారు. ముగ్గురి ఎంపిక అయిపోయింది. మిగిలింది అనంతమ్మ. బక్కపలుచని మనిషి. పెళ్లయినప్పటి నుంచి ఒకే సావుకారికి, ఆయన చెప్పిన రంగులే నేస్తోంది. ఈసారి తన సొంత ఆలోచనతో గళ్ల చీర మొదలుపెట్టింది. చీర ఇంకా మగ్గం మీదే ఉంది, కోసి తేవడానికి లేదు. ఆమె పనితనానికి నేను తీసే వీడియో ఒక్కటే సాక్ష్యం.

"గడి నాలుగు దిక్కుల సమానముండాలె అక్కా," అన్నది అడ్డంగా పోయే పేక పోగును మగ్గం దువ్వెనతో కొడుతూ. "గట్టిగ కొడితే పొట్టిగైతది, మెల్లగ కొడితే పొడుగైతది. చెయ్యికి తెల్వాలె."

మా కెమెరా పాతది. దాని బొమ్మ వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. పాత డబ్బా టీవీలదీ అదే కొలత. గోడకు బిగించే కొత్త టీవీలు పదహారుకు తొమ్మిది. పాత బొమ్మను వాటిలో పెడితే రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. ఊళ్లలో వీడియో చూపించడానికి పోతే ఆ పట్టీలను చూసి "టీవీ సగం కరాబైందా అక్కా?" అనేవారు. రిమోట్ మీద ఒక బొత్తాన్ని మూడుసార్లు నొక్కితే తెర నిండుతుందని నేనే కనిపెట్టాను. నొక్కినప్పుడల్లా తెరమీద ఏదో ఇంగ్లీషు పేరు వచ్చేది. ఆ పేరు చదవలేను, మూడు లెక్కపెట్టగలను. రెహానా ఎడిటింగ్ గది దాటి వచ్చేది కాదు కాబట్టి ఈ సంగతి ఆమెకు తెలియదు.

సమావేశం నాడు పొద్దున్నుంచే నాకు కుదురు లేదు. దుకాణం వారి తరఫున ఒక పరిశీలకురాలు వచ్చింది. అనంతమ్మ చివరి వరుసలో కొంగు చివర మెలితిప్పుతూ కూర్చుంది. నేను అలవాటు ప్రకారం మూడుసార్లు నొక్కి, తెర నిండాక వీడియో నడిపాను.

పరిశీలకురాలు ముందుకు వంగి చూసింది. గళ్లు చదరంగా లేవని, అడ్డంగా సాగి ఉన్నాయని, పేక మరీ బిగుసుకుపోయిందని చెప్పింది. పెన్ను తీసి కాగితం మీద ఏదో రాయబోయింది.

అనంతమ్మ లేచి తెర దగ్గరకు వచ్చింది. ఒక గడిమీద వేళ్లు ఆనించి కొలిచింది. అడ్డం నాలుగు వేళ్లు, నిలువు మూడు. మళ్లీ కొలిచినా అంతే. "నా చెయ్యి గిట్ల తప్పదే…" అంటూ నా వైపు చూసింది. లెన్సు చెడిందా, కెమెరా వంకరగా పెట్టానా అని నాలో నేనే వెతుక్కుంటున్నాను.

అంతలో తెరమీద మగ్గం దగ్గర కూర్చున్న మనిషి ముఖం వచ్చింది. అనంతమ్మ దాని మీద వేలు పెట్టింది.

"గీమె ఎవరే? నేనా? గా దవడలు నాయేనా? మేడం, మీరే చూడుండ్రి, నేను గంత లావున్ననా?"

గదిలో అందరూ నవ్వారు. "సావుకారి మస్తు తినవెట్టిండు," అన్నారెవరో. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముఖం సాగిందంటే గళ్లూ సాగాయి. సాగదీసింది నేను.

వీడియో ఆపి బొత్తం నొక్కాను. ఈసారి బొమ్మ పెద్దదై పైనా కిందా తెగిపోయింది.

"అంచేది? నా అంచు ఎవరు కోసిన్రు?" అని అరిచింది అనంతమ్మ.

ఇంకోసారి నొక్కాను. పక్కల నల్లటి పట్టీలు వచ్చాయి. ఆమె వేళ్లతో కొలిచింది. మూడుకు మూడు.

పరిశీలకురాలు ఒప్పుకోలేదు. బొత్తం నొక్కినప్పుడల్లా గడి మారుతుంటే ఏది నమ్మాలని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మగ్గం వెనక అనంతమ్మ కూతురు రాట్నం తిప్పుతున్న చోటికి వీడియోను జరిపి, చక్రాన్ని ఆ మూడు రకాలుగానూ చూపించాను. ఒకదానిలో కోడిగుడ్డులా ఉంది. ఒకదానిలో సగం తెగిపోయింది. పట్టీలున్నప్పుడే పూర్తిగా, గుండ్రంగా ఉంది. తప్పు నాదని, నేతది కాదని అందరి ముందూ చెప్పాను. పరిశీలకురాలు ఏమీ రాయకుండా పెన్ను మూసింది. మర్నాడు స్వయంగా నారాయణపేట పోయి మగ్గం మీద స్కేలు పెట్టి చూసింది. నాలుగో పేరు అనంతమ్మదే అయింది.

లెక్క తర్వాత రెహానా విడమరిచి చెప్పింది. ఎత్తు తొమ్మిది ఉన్న తెరలో పాత బొమ్మకు సరిపడే వెడల్పు పన్నెండు. దాన్ని పదహారుకు లాగితే మూడు ఉన్నది నాలుగవుతుంది. అనంతమ్మ వేళ్లు చెప్పింది కూడా అదే. ఊళ్లలో ఎంతమంది మనుషులను నేను అలా లావు చేసి చూపించానో.

వారం తర్వాత నాకు మెమో వచ్చింది. రెహానాయే చదివి వినిపించింది. పరికరం సంగతి పూర్తిగా తెలుసుకోకుండా వాడినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నేను చెప్పాను, ఆమె రాసింది, కింద నేను వేలిముద్ర వేశాను. ఆ నెలలోనే మా పేటలో సాయంత్రం వయోజన తరగతికి పోవడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు యాభై దాటాయి. తెలుగు అక్షరాలయ్యాక ఇంగ్లీషువి నేర్చుకున్నాను. రిమోట్ బొత్తం నొక్కితే తెరమీద వచ్చే పేర్లను కూడబలుక్కుని చదివేదాన్ని.

ఉద్యోగం వదిలేదాకా ఒక పద్ధతి తప్పలేదు. ఎక్కడ చిత్రీకరించినా మొదట ఒక స్టీలు పళ్లేన్ని కెమెరాకు ఎదురుగా నిలబెట్టి కాసేపు తీసేదాన్ని. చూపించే చోట ఆ పళ్లెం గుండ్రంగా కనిపించేదాకా తలుపులు తీయనిచ్చేదాన్ని కాదు. పట్టీలు మిగిలితే మిగిలాయి. ఎవరైనా అడిగితే, టీవీ బాగానే ఉందని, బొమ్మ కొలతే అంతని చెప్పేదాన్ని.