బైక్‌లకు మాత్రమే

మొన్న ఆదివారం నేను వేయించిన సైకిల్ దారిలోకి నా సొంత బిడ్డనే రానివ్వలేదు! ఆపింది నేను నిలబెట్టిన మనిషే. ఆపమని చెప్పింది నేను రాసిన బోర్డే. నవ్వకుండా వినండి.

నల్గొండలో రోడ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో నా ఉద్యోగం. నా భార్య భాగ్య మక్తల్‌లో టీచరు. ఏడో తరగతి చదివే మా సహన ఆమె దగ్గరే ఉంటుంది. అంటే నేను పిల్లను ఫోన్‌లో పెంచుతున్నానన్నమాట. "తిన్నవా? రోడ్డు దాటేటప్పుడు రెండు దిక్కులా చూసినవా?" అని రోజుకు మూడుసార్లు. సహనది ఏడాదిగా ఒకటే పాట: "బాపూ, బడికి సైకిల్ మీద పోత." నాది ఒకటే జవాబు: "లారీలుంటయి బిడ్డా."

అట్లాంటి నాకే ఈ పని అప్పజెప్పారు. నల్గొండ నడిబొడ్డున బస్టాండు, కాలేజీ, దవాఖాన, కూరగాయల మార్కెట్ అన్నిటినీ కలుపుతూ సైకిళ్ల కోసం విడిగా లేన్లు గీయాలి. పక్కన సిమెంటు దిమ్మెలు అడ్డం పెట్టాలి, వేరే బండ్లు దూరకుండా. ప్రతి మలుపులోనూ మా సహనే తొక్కుతున్నట్టు ఊహించుకుని గీశాను. ఇక్కడ డ్రైనేజీ మూత జారితే? ఇక్కడ ఎవరన్నా కారు డోరు తెరిస్తే? దిమ్మెల ఎత్తు నాలుగుసార్లు మార్చాను. "మీరు గీసుడు అయ్యేదాక బిడ్డ పెండ్లయితది," అంది భాగ్య.

దుకాణాలవాళ్లు ఒప్పుకోలేదు. "మా గిరాకీలు బండ్లు యాడ పెట్టాలె?" అని లొల్లి. చివరికి మా ఆఫీసు సార్ నాతో అన్నాడు: "ఒక్క ఆదివారం ట్రయల్ చేద్దాం, శ్రీశైలం. బస్టాండు దిక్కు నుంచి క్లాక్ టవర్ దాకా దిమ్మెల బదులు డ్రమ్ములు పెట్టు. జనం వాడితే మిగతా లేన్లు కూడా చూద్దాం."

నేను సహనకు మాటిచ్చేశాను. "అమ్మతోటి రా బిడ్డా. ఆ లేన్‌ల ఒక్క రౌండ్ కొట్టు. ఏ ఇబ్బంది లేకుంట వచ్చినవనుకో, బడికి సైకిల్ ఓకే." మా ఇంటి ఓనరు మనవరాలి సైకిల్ అడిగి తెచ్చి పెట్టాను. బ్రేకులు తొమ్మిదిసార్లు చూశాను.

ఇక బోర్డు. "సైకిళ్ల దారి అని రాయరాదయ్యా," అన్నాడు సార్.

"ఫైల్‌లో 'బైక్ లేన్ నెట్‌వర్క్' అని ఉంది సార్. ఫైలు, బోర్డు ఒక్కతీరుగ ఉండాలె. రేపు ఎవరన్నా అడిగితే?"

సార్ తల పట్టుకుని సంతకం పెట్టాడు. నేను పెద్ద అక్షరాలతో రాయించాను: "బైక్ లేన్. బైక్‌లకు మాత్రమే. ఇతర వాహనాలకు ప్రవేశం లేదు."

బస్టాండు వైపు మా అటెండర్ యాదగిరన్నను నిలబెట్టి మరీ చెప్పాను: "బోర్డు మీద ఏముంటే అదే రూలు. ఎవరి బిడ్డ వచ్చినా సరే, మినహాయింపు లేదు."

ఆదివారం పొద్దున నేను క్లాక్ టవర్ చివర నిలబడ్డాను. సహన అటునుంచి బయల్దేరి నా దగ్గరికి రావాలి. చూస్తున్నాను. దుమ్ము లేచింది. హారన్! ముందు పాల క్యాన్లు కట్టుకున్న మోటార్ సైకిల్ ఒకటి. దాని వెనక బుల్లెట్. దాని వెనక స్కూటీలు, ముగ్గురెక్కిన బండ్లు... లేన్ నిండా!

పాలాయన ఆగి నా చెయ్యి ఊపేశాడు. "సూపర్ ఐడియా అన్నా! ఆటోల లొల్లి లేకుంట బైక్‌లకు సపరేట్ రోడ్డు! ఎవరిదో గాని మంచి బుర్ర."

అప్పుడు వెలిగింది ఆ మంచి బుర్రకు. ఇంగ్లీషు ఫైల్‌లో బైక్ అంటే సైకిల్. నల్గొండలో బైక్ అంటే మోటార్ సైకిల్. ఇక్కడ సైకిల్‌ను బైక్ అన్నవాడు లేడు. నేనూ ఎన్నడూ అనలేదు!

వెంటనే ఫోన్ కొట్టాను. "యాదగిరన్నా, సైకిల్ మీద ఒక పాప వచ్చిందా?"

"వచ్చింది సార్. ఫికర్ చేయకుండ్రి, లోపలికి రానియ్యలే. 'గీ లేన్ మా బాపుదే' అని మస్తు బతిమిలాడింది. ఎవరి బిడ్డయితే నాకేంది, రూలు రూలే అన్న."

"మరి ఎటు పోయింది?"

"ఎటు పోతది సార్? మెయిన్ రోడ్డు మీద తోలిన."

మెయిన్ రోడ్డు! బస్సులు, లారీలు! ఇక ఆలోచించలేదు. దగ్గరి దారి కదా అని లేన్‌లోనే ఎదురు పరుగెత్తాను. ఒక స్కూటీ ఆయన నా ముందు కీచుమని బ్రేకేశాడు. "ఓ పెద్దమనిషీ! ఇది బైక్‌లకు. బోర్డు చదువరాదా?"

"ఆ బోర్డు రాసింది నేనే!"

"అట్లయితే అందరికన్న ముందు నీకే తెల్వాలె!"

పక్కకు తప్పుకోబోయి డ్రమ్ము మీద పడ్డాను. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. లేవబోతుంటే అవతల గంట మోగింది. తలెత్తి చూస్తే సహన! ఆర్టీసీ బస్సు వెనకాల ఓపికగా ఆగి, చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చి, ఆటోను పోనిచ్చి, తన దారిన తాను వస్తోంది.

"బాపూ, గా డ్రమ్ముల నడుమ ఏం చేస్తున్నవ్?"

వెనకే ఆటోలో భాగ్య. "చూస్తిరా, ఎంత మంచిగ తొక్కిందో! ఇగ బడికి సైకిల్. మాట మాటే."

"లేన్‌ల తొక్కలే గద..." అని నసిగాను.

"లేన్‌ల తొక్కితే ఎవడో ఒకడు గుద్దుతుండె!"

ఒప్పుకున్నాను. సార్ కూడా సోమవారం ఒక్క మాటే అన్నాడు: "జనం అయితే మస్తుగ వాడిండ్రు శ్రీశైలం."

ఇప్పుడు సహన రోజూ సైకిల్ మీదే బడికి పోతోంది. ఇంటి నుంచి బడికి పది నిమిషాల దారి. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని నేనే లెక్కగట్టాను. బయల్దేరింది అని భాగ్య ఒక మెసేజ్, చేరింది అని ఇంకొకటి. ఆ రెంటి మధ్య నేను చాయ్ కూడా మింగను. నిన్న రెండో మెసేజ్ ఏడు నిమిషాలకే వచ్చింది. హమ్మయ్య అనుకోవాలి కదా? పది నిమిషాల దారి ఏడు నిమిషాల్లో పోయిందంటే, ఎంత స్పీడ్‌గా తొక్కినట్టు!