రాజమల్లు పాతిన మూడు గుంజలు

2021 డిసెంబర్‌లో నా ఫీల్డ్ బుక్‌లో పెన్సిల్‌తో రాసుకున్న ఒక వాక్యం, ఆ తర్వాత నెలకు తయారైన నివేదికలో లేదు. దాన్ని తీసేయమని నాకెవరూ చెప్పలేదు. నేనే తీసేశాను. ఆ సంగతి చాలాకాలం బయటపెట్టలేదు.

అప్పుడు నేను బెల్లంపల్లిలో ఇంజినీర్‌ని. అక్కడి నుంచి నస్పూర్ వైపు, బొగ్గు వ్యాగన్లు తిరగడం ఎప్పుడో మానేసిన పాత రైలు కట్ట ఒకటి పోతుంది. పట్టాలు తీసేశాక సర్కారు తుమ్మ పెరిగి మూసుకుపోయిన ఆ కట్టను, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే వదిలే పచ్చని బాటగా మార్చాలని పథకం. రెండు పక్కలా చెట్లు, మధ్యలో ఎర్ర మొరం, మోటారు బండ్లకు ప్రవేశం లేదు.

నిధులు మూడు చోట్ల నుంచి రావాలి. ఒకటి ఆగితే మిగతా రెండూ ఆగుతాయి. వాటన్నిటికంటే ముందు డీపీఆర్ వెళ్లాలి. బాట ఎటు తిరుగుతుంది, కల్వర్టులు ఎన్ని, నేల ఎలాంటిది, ఖర్చెంత, అన్నీ చెప్పే పూర్తి నివేదిక అది. మార్చి ముప్పై ఒకటిలోగా మంజూరు కాకపోతే ఆ ఏడాది నిధులు వెనక్కి పోతాయి. అందుకే మా ఉద్యోగాల్లో డిసెంబర్ నుంచి మార్చి దాకా ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు.

మొదలు నుంచి కొలుచుకుంటూ వచ్చే దూరాన్ని మేం చైనేజ్ అంటాం. చైనేజ్ ఏడు కిలోమీటర్లు దాటాక, కట్ట కింద మేకలు మేపుతున్న ఒక పెద్దాయన చేతికర్ర ఊపి మమ్మల్ని ఆపాడు. పేరు రాజమల్లు. బొగ్గు గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల పైకప్పు కూలకుండా కట్టె ప్రాప్‌లు నిలబెట్టే పని అది.

"సారూ, గీడికెల్లి తొవ్వ ఏస్తున్నరా?"

"అవును కాకా. సైకిళ్లు పోయే బాట."

"గీడ ఎయ్యకుండ్రి. కింద గోఫ్ ఉన్నది. మేమే పిల్లర్లు తీసినం."

పైకప్పుకు ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలే పిల్లర్లు. వాటితో సహా బొగ్గంతా తీసేశాక కింద మిగిలే ఖాళీని గోఫ్ అంటారు.

"ఎప్పటి మాట అది?"

"నా పెండ్లి కాకముందు."

"అయితే ఎప్పుడో కూలి పూడిపోయి ఉంటుంది కదా."

"పూడిపోతే నీళ్లేడికి పోతున్నయి సారూ? ఎంత వాన పడ్డా గీ గుంతల చెంబెడు నీళ్లు నిలువయి." నా చేతిలోని పుస్తకం వైపు చూశాడు. "రాసుకోండ్రి. రాజమల్లు చెప్పిండని రాసుకోండ్రి. బాయిల నా మాట మీద మంది పనికి దిగేటోళ్లు."

అక్కడివాళ్లు గనిని బాయి అంటారు. నేను రాసుకున్నాను: 'చైనేజ్ 7/200. కింద గోఫ్ ఉందని రాజమల్లు, రిటైర్డ్ టింబర్‌మన్, చెప్పారు. బోరు వేసి చూడాలి.'

నేలను లోతుగా తొలిచి చూసే ఆ బోరు వేయాలంటే పాత గని నక్షాలు తెప్పించాలి, అనుమతులు తీసుకోవాలి. మార్చి దాటిపోతుంది. ఫెయిర్ కాపీ రాస్తుండగా పైఅధికారి ఫోన్ చేశారు.

"నేల గురించి ఎక్కడా ఇబ్బంది లేదు కదా?"

"లేదు సార్. అంతా క్లియరే."

ఫోన్ పెట్టేశాక ఆ వాక్యాన్ని వదిలేసి కింది వాక్యంలోకి వెళ్లాను.

నిధులు వచ్చాయి. బాట పడింది. తెల్లవారకముందే జనం నడకకు వచ్చేవారు. బాట మొదట్లో సరోజన అనే ఆవిడ చాయ్ డబ్బా పెట్టుకుంది. నన్ను చూసి నలుగురు నమస్కారం పెడుతుంటే బాగానే ఉండేది. కానీ ఏడో కిలోమీటరు దగ్గర నా నడక దానంతటదే వేగమయ్యేది.

రెండో వానాకాలంలో రాజమల్లు ఆ చోట బాట అంచున మూడు టేకు గుంజలు వరుసగా పాతాడు. వాటి తలల మీదుగా ఒకే దారం బిగించి కట్టాడు. అక్కడ బాటకు అడ్డంగా తుమ్మ కంప వేశాడు. కబురు విని నేను వెళ్లేసరికి, నడకకు వచ్చిన భారీ మనిషి ఒకాయన అతన్ని ఆట పట్టిస్తున్నాడు.

"ఏం కాకా, టోల్‌గేట్ పెట్టినవా?"

"పెట్టిన. నీ అసుంటి బరువుకు డబల్."

అందరూ నవ్వారు. రాజమల్లు నవ్వలేదు. నన్ను దారం దగ్గరికి పిలిచాడు. రెండు చివర్ల గుంజలు దారానికి ఆనుకునే ఉన్నాయి. మధ్య గుంజ తల మాత్రం దారానికి రెండు వేళ్ల కిందికి దిగింది.

"కట్టె ముందుగాల చెప్తది సారూ. బాయిల ఇనుప ప్రాప్ కన్న కట్టెనే నమ్ముతుంటిమి. పైకప్పు దిగేముందు కిర్రుమంటది, ఉరికిపోయేటందుకు జర టైమిస్తది. గీ గుంజ గూడ గదే చెప్తుంది."

మేం పెద్ద కట్టడాల దగ్గర సెటిల్‌మెంట్ మార్కర్లు పెడతాం. నేల ఎంత కుంగిందో చూపే గుర్తులు. ఆయన కట్టెతో, దారంతో చేసింది కచ్చితంగా అదే. నాకది తెలుసు. "చూద్దాం కాకా" అన్నాను. ఆఫీసుకు వెళ్లి, కంప తీయించమని మనిషిని పంపాను. తీసిన కంపను ఆయన మళ్లీ వేశాడు.

పది రోజుల వాన తర్వాత ఆ చోట బాట కుంగిపోయింది. ఒక ఎడ్లబండి పట్టేంత గొయ్యి. కంప ఉండబట్టి అటు ఎవరూ వెళ్లలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కారణం రాయమని ఫైలు నా దగ్గరికే వచ్చింది. నిజం రాస్తే, ముందే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. నేను ఇలా రాశాను: 'అనుమతి లేని వ్యక్తి బాట అంచున గుంజలు పాతడం వల్ల ఆ రంధ్రాల గుండా నీరు దిగి కట్ట కుంగింది.' గొయ్యిని మొరంతో నింపి రోలర్ తిప్పించాం. రాజమల్లును పోలీసు స్టేషన్‌కు పిలిచి, మళ్లీ ఆ కట్ట మీద కాలు పెట్టొద్దని చెప్పి పంపారు. కాలనీలో ఆయనకు 'తొవ్వ కూలగొట్టినోడు' అని పేరు పడింది.

ఆ తర్వాత నాకు కరీంనగర్ బదిలీ అయింది. చోటు మారింది కానీ మనసు కుదుటపడలేదు. మేం పూడ్చింది పైనున్న గొయ్యినే, కింది ఖాళీ అలాగే ఉంది. మబ్బు పడితే చాలు, కిటికీ దగ్గరికి పోవడం, ఫోన్ తీయడం.

"సరోజనక్కా, అక్కడ వాన పడుతోందా?"

"పడుతుంది సారూ. కరీంనగర్‌ల పడ్తలేదా? వాన ముచ్చటకు గింత దూరంకెల్లి ఫోనా!"

ఒకసారి నవ్వి ఊరుకునేది, ఒకసారి విసుక్కునేది. నిరుడు ఆగస్టులో తనంతట తనే ఒక మాట చెప్పింది. "ఆదివారం బడి పిల్లలకు సైకిల్ పోటీ పెడ్తుండ్రు సారూ. బాటంత నిండిపోతది. నాకు పాలు సాలయి."

ఆ రోజు గురువారం. శుక్రవారం పొద్దున నా పాత ఫీల్డ్ బుక్, దానితో పాటు నేను చేసిందంతా రాసిన ఉత్తరం తీసుకుని బెల్లంపల్లి ఆఫీసుకు వెళ్లాను. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే, ముందు బాట ఆపమన్నాను. ఆపారు. తర్వాత బోరు వేశారు. కొంతదూరం గట్టిగా దిగిన రాడ్, ఉన్నట్టుండి చేతికి ఏ బరువూ తెలియకుండా కిందికి జారిపోయింది. డ్రిల్లర్ నా ముఖం చూశాడు. నేను నేల చూశాను.

ఆ సాయంత్రం రాజమల్లు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య తలుపు దగ్గరే నిలబడి అంది: "తొవ్వ కాడికి పోయుడే బందువెట్టిండు సారూ. ఎవలన్న ఏమన్న అంటరని. మీ కాయితం మంచిగనే పని జేసింది."

నేను చెప్పుకోవలసింది చెప్పుకున్నాను. రాజమల్లు మంచం మీద నుంచి లేవకుండానే విన్నాడు.

"నువ్వు రాసుకుంటుంటే నేను సూడలేదా? నాకు ఎరికైన ముచ్చట మల్ల నాకెందుకు చెప్తవు? తొవ్వ మీద తిరిగేటోళ్లకు చెప్పు."

నా కింద పనిచేసేవాళ్లకు ఇప్పుడొక మాట చెబుతుంటాను. సైటు మీద ఎవరేం చెప్పినా, చెప్పినవాళ్ల పేరుతో సహా నివేదికలో పెట్టండి. అది తప్పని తేలితే తేలనివ్వండి. కానీ తేల్చాల్సింది బోరు, మన తొందర కాదు. ఈ మాట నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి పేరు ఖర్చయింది.

రాజమల్లు ఇంటికి వెళ్లిన మర్నాడు పొద్దున సరోజన డబ్బా దగ్గర, నడకకు వచ్చి బాట మూసి ఉండటంతో ఆగిపోయిన వాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. టోల్‌గేట్ అని నవ్విన పెద్దమనిషీ ఉన్నాడు. రాజమల్లు వచ్చాడు కానీ కట్ట ఎక్కలేదు. కింద, మట్టి దారిలోనే ఆగి నిలబడ్డాడు.

ఫీల్డ్ బుక్ తెరిచి ఆ పెన్సిల్ వాక్యాన్ని గట్టిగా చదివాను. తర్వాత కట్ట దిగి ఆయన ముందుకు వెళ్లి, అందరికీ వినబడేలా చెప్పాను.

"కాకా, నీ గుంజలు తొవ్వను కూలగొట్టలే. మందిని కాపాడినయి. నువ్వు ముందే చెప్పినవు, నేను రాసుకున్న, నేనే దాచిన. తర్వాత తప్పు నీ మీదికి నూకిన. మాఫ్ చెయ్యి."