అడ్డాకులో పిడికెడు అన్నం

దెయ్యాల మాటెత్తితే నవ్వేవాళ్ళలో నేను ముందుంటాను. విశాఖపట్నంలో ఒక హోటల్లో చాలా ఏళ్ళు రిసెప్షన్‌లో పనిచేశాను. గదిలో ఎవరో నడుస్తున్నారని కస్టమర్లు కిందికి ఫోన్ చేస్తే, ఏసీ చప్పుడండీ అని చెప్పి వేరే గది ఇచ్చేవాణ్ణి. నిజంగానే అది ఏసీ చప్పుడే. ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాంటిదే ఏదో అయి ఉంటుందని ఇంకా ఆశపడుతున్నాను. కాకపోతే మా ఇంట్లో ఏసీ లేదు.

మాది అరకు నుంచి ముంచింగిపుట్టు వెళ్ళే వైపు, రోడ్డు దిగి కొంచెం లోపలికి నడిస్తే వచ్చే చిన్న ఊరు. మేము కొండదొర తెగ గిరిజనులం. హోటల్ ఉద్యోగం మానేసి వచ్చి, అమ్మ ఉంటున్న పాత ఇంటి పక్కన రెండు గదులు వేసి, ఫోన్ యాప్‌లో హోమ్‌స్టే అని పెట్టాను. కాఫీ మొక్కలున్నాయి, వాటి మీదికి పాకించిన మిరియాలున్నాయి. వాటితో ఏడాదంతా గడవదు. ఆ రెండు గదులే మాకు ఆధారం.

ఆ యాప్‌లో పద్ధతి ఏమిటంటే, దిగినవాళ్ళు వెళ్ళాక మనకి స్టార్లు ఇస్తారు, నాలుగు ముక్కలు రాస్తారు. అయిదు స్టార్లు ఇస్తే బతికాం. నాలుగిచ్చినవాళ్ళు కూడా బాగానే ఇచ్చామనుకుంటారు. కంపెనీ లెక్కలో మాత్రం అది తప్పినట్టే. సగటు కాస్త జారితే, వెతికేవాళ్ళకి మన ఇల్లు ఎక్కడో అడుగున కనబడుతుంది. ఇంకా జారితే అసలు కనబడదు. అందుకని వచ్చినవాళ్ళ ముఖాలు చదవడం మొదలుపెట్టాను, ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి ముఖాలు చూసినట్టు. నా భార్య చిలకమ్మ దీనికి బాగా నవ్వేది. దుప్పటి మడతపెట్టినా మీ కళ్ళు ఫోను మీదున్న వాళ్ళ బొటనవేలి మీదే ఉంటాయి అనేది.

మా ఇంటికి పేరొచ్చింది వంటతో. అమ్మా చిలకమ్మా పాత ఇంట్లో కట్టెల పొయ్యి మీద వండుతారు. అన్నం, రాజ్‌మా కూర, నాటుకోడి, అడిగితే బొంగు చికెన్. వంటయ్యాక అమ్మ చేసే మొదటి పని, కుండలోంచి పిడికెడు అన్నం తీసి పొయ్యి పక్కన నేలమీద అడ్డాకులో పెట్టడం. అది మా ఇంటి పెద్దలది. అంటే చనిపోయిన మా నాన్న, తాత, వాళ్ళకు ముందువాళ్ళు. నాన్నని కాఫీ తోటలో ఎలుగుబంటి పట్టుకుంటే కుడిచేతి వేళ్ళు పోయాయి. బతికినంతకాలం ఎడమచేత్తోనే తిన్నాడు. పెళ్ళిభోజనాల్లో సిగ్గుపడి చివర కూర్చునేవాడు. ఆకులో పెట్టిన అన్నం సాయంత్రానికి చీమలు పట్టుకుపోతాయి. పెద్దలు తిన్నారు అంటుంది అమ్మ. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కనుక నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

ఒకసారి నగరం నుంచి ఒక జంట వచ్చారు. మంచివాళ్ళే. వంటిల్లు చూస్తామంటే చూపించాను, అమ్మతో ఫొటోలు కూడా దిగారు. వెళ్ళాక రెండు స్టార్లు ఇచ్చారు. రుచి బాగుంది గానీ వంటింట్లో నేలమీద ఆకులో అన్నం పారేసి ఉంది, నిండా చీమలు, శుభ్రత లేదు అని రాశారు. కింద ఫొటో. మా పెద్దల ఆకు, దాని మీద చీమల బారు, ప్రపంచమంతా చూసుకోవచ్చు.

నాకు కోపం రావాల్సింది వాళ్ళ మీద. వచ్చింది అమ్మ మీద. హోటల్లో నేర్చుకున్న జవాబు ఒకటుంది, నా వేలికి అలవాటైపోయింది. "క్షమించండి. ఇకపై అలాంటివి మీకు కనిపించకుండా చూసుకుంటాం." అది టైపు చేసి, వంటింట్లోకి వెళ్ళాను.

"అమ్మా, ఇంక ఆ ఆకెట్టకు. వచ్చినోలు అసయ్యించుకుంతన్నారు."

"ఒక్క పూట తిని ఎల్లిపోయినోలికి మనింటి పెద్దల్తో ఏటి పనిరా?"

"పనుందే. ఆల్లు రాసిందాన్ని బట్టే మనకి కూడు."

అమ్మ కూరలో గరిటె తిప్పింది. తర్వాత అడిగింది, "మరి ఆల్లెక్కడ తింతారు?"

నేను నవ్వి, "ఎక్కడో ఒకచోట తింతార్లే" అన్నాను. ఆ మాట నేనన్నదే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

అమ్మ ఆకు పెట్టడం మానేసింది. నేల అలికి, గోడకి సున్నం కొట్టించి, కొత్త ఫొటోలు పెట్టాను.

ఆ తర్వాత వచ్చిన కుటుంబం, రుచి బాగుంది కానీ వడ్డన తక్కువ అని రాసింది. చిలకమ్మకి ఒళ్ళు మండింది. కుండ బోర్లించి చూపించాలేటి అంది. వాళ్ళు మూడేసిసార్లు పెట్టించుకోవడం ఇద్దరం చూశాం. సరేలే అని మర్నాటి నుంచి ఎక్కువ వండించాను. తర్వాత బైకుల మీద వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు కుండ ఊడ్చేసి, ఇంకా ఉందా అన్నట్టు చూశారు. కుర్రాళ్ళు కదా అనుకున్నాను. ఆ తర్వాత ఒక ముసలి బెంగాలీ దంపతులు. పిట్టల్లా తింటారనుకుంటే చిలకమ్మకి వడ్డించి వడ్డించి చెయ్యి నొప్పెట్టింది. వాళ్ళు బెంగాలీలో రాసిన రివ్యూని ఫోన్ ఇలా మార్చి చూపించింది: "చాలా తిన్నాము. ఆకలి అలాగే కూర్చుని ఉంది."

ఒకరికొకరు తెలియని మనుషులు, వేరే వేరే ఊళ్ళు, వేరే వేరే భాషలు. అందరూ రాసేది అదే. కొందరు మొహమాటపడి నవ్వుతూ రాశారు, కొందరు నేను కక్కుర్తి పడుతున్నానని రాశారు. బియ్యం మార్చాను. కుండలు మార్చాను. అరకులో డాక్టర్ని అడిగితే, కొండగాలికి ఆకలి ఎక్కువే వేస్తుందయ్యా అని చెప్పి, ఎందుకైనా మంచిదని నాకు నులిపురుగుల మాత్రలిచ్చాడు. వేసుకున్నాను కూడా.

చివరికి ఒక మధ్యాహ్నం అతిథులతో పాటు నేనూ వసారాలో భోజనానికి కూర్చున్నాను. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన కొడుకూ కోడలూ. అన్నం నోట్లోకి వెళ్తోంది, గొంతు దిగుతోంది. అంతవరకు తెలుస్తోంది. ఆ తర్వాత ఏమవుతోందో తెలియడం లేదు. పళ్ళెం ఖాళీ అయింది, మళ్ళీ పెట్టించుకున్నాను, మళ్ళీ ఖాళీ అయింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుంటే పొద్దుట లేచినప్పటిలాగే ఉంది. తలెత్తితే పెద్దాయన నన్నే చూస్తున్నాడు. ఇద్దరం దొరికిపోయినవాళ్ళలా నవ్వుకుని, మళ్ళీ వడ్డించమన్నాం. కళ్ళకి వింతగా ఏమీ కనబడలేదు. కనబడి ఉంటే బాగుండేది.

చిలకమ్మని పక్కకి పిలిచి అడిగాను. నాకూ అలాగే ఉంటంది, తిడతారని చెప్పలేదు అంది.

ఆ వారమే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. భోజనం గురించి ఫిర్యాదులు ఆగకపోతే మా ఇంటిని యాప్‌లోంచి తీసేస్తారట. ఉద్యోగం వదిలేసుకున్నాను, ఉన్నదంతా ఆ గదులకే పెట్టాను. ఆకు గుర్తొచ్చింది. నమ్మి కాదు. మిగతావన్నీ చేసేశాను, ఇదొక్కటే మిగిలింది.

"అమ్మా, ఆకెట్టు. వంటింట్లో వద్దు. ఎనకాల, బాత్రూముల పక్కన, ట్యాంకు కింద ఎట్టు. ఎవులూ సూడరు."

అమ్మ నా ముఖం వైపు కూడా చూడలేదు. "నానెట్టను. అక్కడ కుక్కలకెడతారు, మనుసులకెట్టరు."

అమ్మ పెట్టనంటే నేనే పెట్టాను. అటూ ఇటూ చూసుకుని, దొంగలా, ట్యాంకు కింద తడినేల మీద ఆకు పరిచి వచ్చేశాను. నాన్నని పిలవను కూడా పిలవలేదు.

ఆ పూట దిగినవాళ్ళు అన్నం మిగిల్చారు. ఇక చాలండీ బాబూ అని చేతులు అడ్డం పెట్టారు. చాలాకాలం తర్వాత నాక్కూడా కడుపు నిండింది. రోజూ అలాగే జరిగింది. స్టార్లు మళ్ళీ పెరిగాయి. నేను సంతోషించాను. అది దాచను. ఇటు అతిథులకి కనబడలేదు, అటు పెద్దలకి లోటు రాలేదు, ఎంత తెలివిగా సర్దానో అనుకున్నాను.

వానాకాలంలో ఒక జంట చిన్నపాపతో వచ్చి వెళ్ళారు. వాళ్ళు రాసింది నేను అరకు సంతలో కూరగాయలు కొంటూ చూశాను. అయిదు స్టార్లు. కింద ఏదో పొడుగ్గా ఉంది. "స్నానాల గదుల వెనక ఎవరో కూర్చుని తింటున్నారు" అన్న ముక్క కంటబడింది. రోడ్డు పనికి వచ్చిన కూలీలు పెరట్లోకి దూరారు కాబోలనుకున్నాను. బేరం ఆడుతూనే, బొటనవేలితో జవాబు కొట్టేశాను. "క్షమించండి. ఇకపై వాళ్ళు మీకు కనిపించకుండా చూసుకుంటాం."

ఇంటికొచ్చి, అయిదు స్టార్లు వచ్చాయని గొప్పగా చిలకమ్మకి మొత్తం చదివి వినిపించాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

అందులో ఇలా ఉంది. "ఇల్లు బాగుంది, భోజనం చాలా బాగుంది. ఒక్కటే బాధనిపించింది. వర్షంలో స్నానాల గదుల వెనక ఎవరో కూర్చుని తింటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళే అనుకున్నాం, నలుగురైదుగురు ఒకే ఆకు చుట్టూ ఉన్నారు. మా పాప కిటికీలోంచి చూసి మమ్మల్ని పిలిచింది. ఎడమచేత్తో తింటున్న తాతగారు పాపని చూసి నవ్వారు. దయచేసి మా కోసం వాళ్ళని బయట కూర్చోబెట్టకండి. లోపల తింటే మాకేమీ ఇబ్బంది లేదు."

ఎడమచేత్తో అన్న ముక్క దగ్గర చిలకమ్మా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. నాన్న ఫొటో అతిథులుండే చోట ఎక్కడా లేదు. ఉన్న ఒక్కటీ అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. అందులో ఆయన చేతులు కనబడవు.

"మల్లీ సదువు" అంది అమ్మ.

చదివాను.

"ఏ సేత్తో?"

"ఎడం సేత్తోనే."

మా వైపు తండ్రిని బాబు అంటాం. అమ్మ చిక్కుడుకాయలు ఒళ్ళోంచి దించి, "మీ బాబు తడిసిపోనాడన్నమాట" అంది. తర్వాత, "ఆ యమ్మ ఎవులో గాని సల్లగుండాల. నువ్వేటి రాసినావు?" అని అడిగింది.

"థాంక్స్ అని రాసినాను" అన్నాను.

ఆ పాప తల్లికి ఫోన్ చేశాను. నేను అడిగిన ప్రశ్నలకి ఆమె తెల్లబోయింది. అవునండీ, పట్టపగలు, మేమిద్దరమూ చూశాం, మీ ఇంట్లోవాళ్ళ గురించి మమ్మల్ని అడుగుతారేంటి అంది. మర్యాదగానే అంది. నేను సారీ చెప్పి పెట్టేశాను.

ఆ రోజే ఆకుని పొయ్యి పక్కకి తెచ్చాం. అమ్మ నేల తుడిచి, పిడికెడు కాదు, దోసిలి నిండా పెట్టింది. ఎవరు చూసినా ఫరవాలేదని తలుపులు బార్లా తీసే ఉంచుతున్నాను. ఎవరైనా అడిగితే, మా పెద్దలదండీ అని చెబుతున్నాను. వచ్చినవాళ్ళకి కడుపు నిండుతోంది. మాకూ నిండుతోంది. సగటు ఎప్పుడూ లేనంత బాగుంది.

కానీ ఆ ఆకు దగ్గరికి చీమలు రావడం లేదు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండి, సాయంత్రానికి ఎండి బిరుసెక్కిపోతుంది. బెల్లం డబ్బాకి చీమల బారు గోడ వెంట వెళ్తూనే ఉంది. ఆకు పక్క గోడ మీంచే వెళ్తుంది, ఆకు మీదికి మాత్రం దిగదు. అమ్మ ఒకరోజు బియ్యం మార్చింది, ఒకరోజు నాన్నకి ఇష్టమని ఎండుచేపల పులుసు వేసి పెట్టింది. అదీ అలాగే ఉండిపోయింది. ఇది ఎందుకో నాకు తెలియదు. ఆకలి సంగతీ తెలియదు, వానలో కూర్చున్నవాళ్ళ సంగతీ తెలియదు. ఎవరైనా సరైన కారణం చెబితే కాళ్ళు పట్టుకుంటాను.

యాప్‌లో ఒకసారి పెట్టిన జవాబుని మార్చడానికీ తీసేయడానికీ లేదు. ఆ పాప తల్లి రాసినదాని కింద నా మాట అలాగే ఉంది. వాళ్ళు మీకు కనిపించకుండా చూసుకుంటాం. కింద నా పేరు.

మొన్న దిగినవాళ్ళు అయిదు స్టార్లు ఇచ్చి, కట్టెల పొయ్యి ఉన్న వంటిల్లయినా నేలమీద ఒక్క చీమ కూడా లేదు, ఎంత శుభ్రమో అని రాశారు.

రోజూ సాయంత్రం అమ్మ ఎండిపోయిన అన్నం ఎత్తుతూ, "ఏటయిపోనార్రా ఆల్లు? ఎందుకు రావట్నేదు?" అని నన్నడుగుతుంది. నేనేం రాశానో ఇప్పటికీ చెప్పలేదు. తెలీదమ్మా అంటాను.