మోకాలి లోతు

మొన్న ఆదివారం మా కోడలు పాల్వంచలోని మా ఇంటి పెరట్లో, జామచెట్టుకీ బట్టలుతికే బండకీ మధ్య, సున్నంతో గుండ్రంగా ఒక గీత గీయించింది. చిన్న కొలను తవ్వించి కలువలు వేస్తుందట, నాలుగు చేపపిల్లలు వదులుతుందట, పవర్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చాక ఆ గట్టున కూర్చుని టీ తాగుతుందట. తవ్వకానికి వచ్చిన మేస్త్రి ఎంత లోతు తియ్యాలని అడిగితే ఆమె నవ్వుతూ నావైపు చూపించి, "మా మామయ్యను అడుగు, నౌకరీ అంతా చెరువులు, కుంటలు తవ్విచ్చుడే గదా, ఆయనకు తెల్వనిదేముంది" అన్నది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను, కుర్చీ నీడలోకి జరుపుకున్నాను, మంచినీళ్లు అడిగి తాగాను. పైపైన మొదలుపెట్టమని, లోతు సంగతి ఆనక చెబుతానని తప్పించుకుని లోపలికి వచ్చి కూర్చున్నాను. దాదాపు నలభై ఏళ్ల కిందట ఇదే సంగతి ఇంకొక పెరట్లో తేల్చవలసి వచ్చినప్పుడు మాత్రం నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మన ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, అప్పట్లో డిప్లొమా చేతికి రాగానే ఉద్యోగం దొరికితే మనిషి ఎంత ఎత్తున నడిచేవాడో. నాకు చిన్న నీటి వనరుల పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా మణుగూరు దాటి అడవి అంచున ఉన్న ఒక కోయ గూడెంలో పని పడింది. కొత్త బూట్లు, తోలు డబ్బాలో చుట్టిన టేపు, చంకలో మెజర్‌మెంట్ పుస్తకం, ఇవి ఉంటే గోదావరికైనా గట్టు కట్టగలననుకునేవాణ్ణి. గూడెంలో అద్దె గది అనేది లేదు గనక, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఒక అవ్వ తన ఇంటి ముందు పంచలో నా మంచానికి చోటిచ్చింది. పొద్దున జావ ఆమే పోసేది, నా చొక్కా మీది మట్టి మరకలు చూసి ఆమే కోప్పడేది, నా కన్నతల్లి కూడా నా తిండి గురించి అంత పట్టించుకుందో లేదో చెప్పలేను.

ఆ ఇంటి వెనక ఒక చిన్న కుంట ఉండేది. మా పెరట్లో ఇప్పుడు గీసిన గీతకు రెండింతలు ఉంటుందేమో. చుట్టూ అంతా గరప నేల, పోసిన నీళ్లు పోసినట్టే తాగేసే నేల, అయినా ఆ కుంటలో మాత్రం ఎండాకాలంలో సైతం అడుగున కొద్దిపాటి నీరు నిలిచేది. అవ్వ చీర ఎగగట్టి అందులో దిగి, కడవతో ముంచి, గట్టు మీది చిక్కుడు పందిరికి పోసుకునేది. ఆ పందిరి ఆమెకు కూరకోసమే కాదు. అక్కడ చలికాలంలో చిక్కుడు కొత్తలని పండుగ చేస్తారు, కొత్త కాయ వేల్పులకు పెట్టిందాకా ఎవరూ నోట పెట్టరు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ప్రతి ఏడూ తన పందిరి కాయే పెట్టానని, ఒక్క ఏడూ తప్పలేదని ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. ఆమె గొప్పగా చెప్పుకునే సంగతి అదొక్కటే.

ఆమె రుణం తీర్చుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. కుంట సగానికి సగం పూడిపోయిందని, లోతు చేస్తే రెట్టింపు నీళ్లుంటాయని చెబితే ఆమె తల అడ్డంగా ఊపి, "మోకాలి లోతు సాలు సారూ, అంతకు కిందికి పోవద్దు" అన్నది. ఎందుకని నేను అడగలేదు. ఇప్పటికీ నాకు అదే అంతుపట్టదు, అడగటానికి ఏం పోయేది? పెద్దవాళ్ల భయాలు ఇలాగే ఉంటాయని నాలో నేను నవ్వుకున్నాను. ఎండాకాలంలో ఆమె తునికాకు కోతకని కూతురు ఊరికి వెళ్లి నాలుగు రోజులు ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి చూసి మురిసిపోవాలని ఇద్దరు కూలీలను పెట్టించి, ఉన్న నీళ్లు తోడించి, అడుగు తవ్వించాను. నల్లటి జిగురుమట్టి, గడ్డపారకు కూడా లొంగక పెచ్చులు పెచ్చులుగా లేచింది. పూడిక ఎంత గట్టిపడిందో చూడండని కూలీలతో అన్నాను, వాళ్లలో ఒకడు ఆగి నా ముఖం చూశాడు గాని బూట్లేసుకున్న సారుకు ఎదురు చెప్పలేకపోయాడు. మూడడుగులు దింపించి, అంచులు నున్నగా చెక్కించి, ఆ ముచ్చట చూసుకుంటూ నిలబడ్డాను.

అవ్వ వచ్చి చూసింది. గట్టు మీద పోసిన నల్లమట్టి లోంచి ఒక పెళ్ల తీసి వేళ్లతో నలిపి, మళ్లీ అక్కడే పెట్టి, చేతులు కడుక్కుని, నాకు అన్నం వడ్డించింది. ఆ వడ్డనను నేను సంతోషమనుకున్నాను, ఎంత మూర్ఖుణ్ణో చూడండి.

తొలి వానలు పడ్డాక ఒక పొద్దున నేను పంచలో కూర్చుని కొలతలు రాసుకుంటుంటే, ఆమె ఆ నల్లమట్టిని తట్టతో మోసి గుంటలో పోసి, కర్ర పట్టుకుని, అందులో దిగి కాళ్లతో తొక్కుతూ కనిపించింది. అరగంట తొక్కితే మంచం అంత మేర అయిందేమో. అలిసిపోయి నావైపు చూసి, "జర దిగి తొక్కుతవా బిడ్డా, నా కాళ్లు ఆగుతలేవు" అన్నది. అంతకు ముందెప్పుడూ ఆమె నన్ను ఏ పనీ అడగలేదు. సారూ అనేదే గాని బిడ్డా అనలేదు. ఆఫీసు జీపు వస్తుందని, బూట్లు పాడవుతాయని చెప్పాను. జీపు రావటానికి ఇంకా చాలా పొద్దుంది.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. కుంట నిండేది, నాలుగు రోజుల్లో ఇంకిపోయేది. దసరా నాటికి అడుగు పగుళ్లు తేలింది. అప్పుడు అనుమానం వచ్చి, పక్క ఇంట్లో ఉండే అవ్వ మరిదిని అడిగాను. అది పూడిక కాదట. కొత్తగా కాపురం పెట్టినప్పుడు అవ్వ భర్త వాగు అవతల నుంచి ఆ జిగురుమట్టిని బండ్ల మీద తోలి, తడిపి, ఎడ్లను గుండ్రంగా తిప్పి ఒక వానాకాలమంతా తొక్కించాడట, కడుపుతో ఉన్న అవ్వ ఎడ్ల వెనకే నడిచిందట. మోకాలి లోతు కింద ఉన్నది ఆ పొర. నీళ్లు ఇంకకుండా జిగురుమట్టి పొర తొక్కించటం గురించి నేను పరీక్షలో రెండు పేజీలు రాసి, బొమ్మ గీసి, మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

అప్పుడైనా ఎడ్లను అడిగి తెచ్చి ఉండవచ్చు. ఆమె కాళ్ల మీద పడి ఉండవచ్చు. నేను మాత్రం పొద్దున్నే సర్వేకు పోయి పొద్దుగూకాక రావటం అలవాటు చేసుకున్నాను, ఆమె వాగు నుంచి కడవ నెత్తిన పెట్టుకుని వస్తుంటే చూడటం నా వల్ల కాక. అరమైలు దూరం, రోజుకు ఎన్నిసార్లు తిరిగినా ఆ పందిరికి ఏం చాలుతుంది? పూత రాలిపోయింది.

కొత్తల నాడు అవ్వ పక్కింటి పందిరి నుంచి గుప్పెడు కాయలు అడిగి తెచ్చుకుని కొంగులో కట్టుకుంది. ఆడవాళ్లంతా పోగైన చోట ఒకామె, "ఏందవ్వా, నీ పందిరి గిట్లయింది?" అని అడిగింది. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అవ్వ నావైపు చూడకుండానే, "పురుగు వడ్డదే ఈయేడు, ఏం జేస్త" అన్నది. నోరు తెరిచి నేను చేసిన పని అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. ఆ పూట ఆమె నాకే ముందు ఆకు వేసి చిక్కుడుకాయ కూర వడ్డించింది, నేను తలవంచుకుని తిన్నాను, సిగ్గు లేకుండా మారు కూడా వడ్డించుకున్నాను.

వేసవి రాకముందే ఖమ్మం బదిలీ వేయించుకుని వెళ్లిపోయాను. తరవాత ఉద్యోగంలో ఎన్ని చెరువులకు లోతు రాశానో, ప్రతి చోటా తవ్వేముందు ఊళ్లో ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగేవాణ్ణి, పై అధికారులు నా ఓపికను మెచ్చుకునేవారు. ఆ మెప్పు పుచ్చుకున్న ప్రతిసారీ నాకు ఆ చిక్కుడుకాయ కూర గుర్తొచ్చేది. చాలా ఏళ్లకు భద్రాచలం వెళ్తూ ఆ గూడెం మీదుగా బస్సులో పోయాను. అవ్వ అప్పటికే పోయిందని ఎవరో చెప్పగా విన్నాను. కుంట పూడ్చిన చోట సిమెంటు ఇల్లు, ఇంటి ముందు నీళ్ల కుళాయి కనిపించాయి. బస్సు ఆగింది, నేను మాత్రం కిటికీ పక్కనే కూర్చుండిపోయాను.

మొన్న మళ్లీ పెరట్లోకి వచ్చేసరికి మేస్త్రి జానెడు లోతు తీసి నా కోసం చూస్తున్నాడు. మోకాలి లోతు చాలన్నాను. అతను నవ్వి, "ఎవరి మోకాలు సార్, మీదా నాదా?" అన్నాడు. ఇద్దరిదీ కాదు. అవ్వ నా భుజానికి కూడా అందేది కాదు. పంచె ఎగగట్టి, కోడలు వద్దంటున్నా వినకుండా, నేనే మధ్య మధ్య దిగి చూసుకుంటూ, గట్టు నా మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కిందుగా వచ్చినప్పుడు ఆపమన్నాను. ఎవరు చెప్పిన కొలత మామయ్యా ఇది అని కోడలు అడిగింది. ఒక అవ్వ చెప్పింది, నేను వినలేదు అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనటం అదే మొదటిసారి.

ఇప్పుడు అడుగున పరవటానికి నల్లటి షీటు చుట్టలుగా దొరుకుతుంది, కోడలు ముందే తెప్పించి పెట్టింది. వాగు అవతలి మట్టి అక్కర్లేదు, ఎడ్లు అక్కర్లేదు, వాటి వెనక ఒక వానాకాలం నడిచే మనిషీ అక్కర్లేదు. ఎవరినీ ఏమీ అడగకుండానే నీళ్లు నిలిచే రోజులు వచ్చాయి, మంచిదే, నాలాంటి వాడి చేతిలో ఇంకొకరి పందిరి ఎండిపోదు. అయినా నేను గుంటలోనే నిలబడి, తడి మట్టిలో ఒక కాలు తరవాత ఒక కాలు వేస్తున్నానని మేస్త్రి చెయ్యి అందించేదాకా నాకే తెలియలేదు. "తొక్కే పని లేదు సార్, షీటు ఏస్తున్నం గద, పైకి రాండ్రి" అన్నాడు. వస్తానన్నాను గాని, కోడలు టీ తెచ్చి గట్టున పెట్టిందాకా తొక్కుతూనే ఉన్నాను.